బడి కబురు ఇంటికి చేరడం లేదు, వాట్సాప్ గ్రూపు ఎలా నడపాలి?

గోదావరి హెచ్ఎం:

అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు హెడ్మాస్టర్ని. 340 మంది పిల్లలు. 2020లో కరోనాకి బడులు మూతపడ్డప్పుడు పాఠాల కోసం తరగతికో వాట్సాప్ గ్రూపు పెట్టాం. బడులు తెరిచాక అవే తల్లిదండ్రుల గ్రూపులయ్యాయి. ఆ రోజుల్లో హడావుడిగా ఎవరి నంబరు దొరికితే వాళ్లది చేర్చేశాం. పొరపాటు అక్కడే మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది కదా. సెలవు కబురు నాకు రాత్రి అందింది. వెంటనే అన్ని గ్రూపుల్లోనూ పెట్టాను. పది నిమిషాల్లో దాని కింద ఎవరో పాత తుపాను నాటి ఉత్తర్వు ఫొటో పెట్టారు, తేదీ చూసుకోకుండా. ఇంకొకరు టీవీ తెర ఫొటో పెట్టారు. తర్వాత "ఎప్పటిదాకా సార్" అని వరసగా ప్రశ్నలు, మధ్యలో గుడ్ నైట్ బొమ్మలు, ఒక చీటీల ప్రకటన. నేను పెట్టిన మెసేజ్ ఎక్కడో పైకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే బడి ఎలా ఉందో చూద్దామని వెళితే గేటు దగ్గర ఆరో తరగతి పాప నిలబడి ఉంది. పుస్తకాల సంచి మీద ఎరువుల బస్తా కప్పుకుంది. వాళ్లమ్మకి స్మార్ట్ ఫోన్ లేదు. మా గ్రూపులో ఉన్న నంబరు వాళ్ల బాబాయిది, ఆయన విశాఖలో పని చేసుకుంటున్నాడు. పాపని నా బండి మీద ఇంటికి దింపి వచ్చాను గానీ ఆ దృశ్యం మనసులోంచి పోవడం లేదు.

గ్రూపులో అందరూ మాట్లాడేలా ఉంచాలా, మేమే పెట్టేలా మూసేయాలా? ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఫేస్‌బుక్ పేజీ కూడా పెట్టమంటున్నారు కొందరు. దాని సంగతీ చెప్పండి.

లెక్కల మాస్టారు:

సర్, మొదట చేయాల్సింది గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చడం. 2018 నుంచీ ఆ సౌకర్యం ఉంది, చాలా బడులు వాడుకోవడం లేదు, అంతే. అడ్మిన్లు ఇద్దరే ఉండాలి. మీరు, ఇంకొక టీచరు. మా బడిలో అయిదుగురు అడ్మిన్లు ఉండేవాళ్లం. ఒకే విషయం అయిదుగురం అయిదు రకాలుగా పెట్టేవాళ్లం. మీ తుపాను రాత్రి జరిగిన గందరగోళం మా దగ్గర మా వల్లే జరిగేది.

తరగతి గ్రూపులన్నిటినీ కలిపి ఒక కమ్యూనిటీ చేయవచ్చు. 2022 చివర్లో వచ్చింది ఆ ఏర్పాటు. దానిలో ప్రకటనల గ్రూపు అని ఒకటి ఉంటుంది, ఒక్కసారి పెడితే అన్ని తరగతులకూ వెళ్తుంది. అయిదు గ్రూపుల్లో అయిదుసార్లు పెట్టే బాధ తప్పుతుంది, ఒక గ్రూపుకి మర్చిపోవడమూ ఉండదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే ఏర్పాటు) జోలికి మాత్రం వెళ్లకండి. ఒక లిస్టుకి 256 మందే. పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. మనం పంపాం అనుకుంటాం, అవతల ఏమీ రాదు.

ఇద్దరమ్మాయిల అమ్మ, గుంటూరు:

మాస్టారు గారూ, గ్రూపు మూసేయమని తేలిగ్గా చెప్పేశారు. మూసేస్తే మేం ఎవర్ని అడగాలి? మా చిన్నమ్మాయి బడిలో అలాగే మూశారు. పాపకి జ్వరం, రేపు పరీక్ష రాయలేకపోతుంది అని చెప్పాలంటే దారి లేదు. బడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. చెప్పడం ఒక్కటే కాదు కదండీ, వినడం కూడా ఉండాలి.

ఇంకో మాట. ఇది ఆడవాళ్లం తప్ప ఎవరూ పైకి అనరు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఫోన్ నాదే, నంబరు నాదే. పెద్దమ్మాయి తరగతి గ్రూపులో చేర్చిన నెలలోపే తెలియని నంబర్ల నుంచి రాత్రిళ్లు "హాయ్" అని మెసేజ్‌లు. ఆ నంబర్లు చూస్తే అదే గ్రూపులో ఉన్నవి. బడికి చెబితే "మీ ఇద్దరి మధ్య విషయం" అన్నారు. నా నంబరు నేను ఎవరికీ ఇవ్వలేదు, బడికి ఇచ్చాను. బడి తీసుకెళ్లి వందమంది ముందు పెట్టింది. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. తర్వాత పాపకి ఎఫ్ఏ2 పరీక్షలో మార్కులు తగ్గాయని నాకు తెలిసింది మళ్లీ బడికి వెళ్లినప్పుడే.

లెక్కల మాస్టారు:

అమ్మా, మీరు చెప్పింది నిజం. నేను దీన్ని మగవాడి కళ్లతోనే చూశాను, క్షమించండి. ఒక దారి ఉంది. నేను పైన చెప్పిన కమ్యూనిటీలో ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు, అడ్మిన్లకే కనపడతాయి. వాట్సాప్ ఛానల్ అయితే అసలు ఎవరు చూస్తున్నారో తోటివాళ్లకు తెలియదు. తరగతి గ్రూపుల్లో మాత్రం నంబర్లు కనపడతాయి. అందుకని తరగతి గ్రూపులు తీసేసి, ఒక్క ప్రకటనల గ్రూపే ఉంచడం మేలనిపిస్తోంది. అడగాల్సినవాళ్లు బడి నంబరుకి విడిగా రాస్తారు.

పడమటి టీచరు, కర్నూలు:

నమస్తే. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మీరంతా గ్రూపు ఎలా పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. మా దగ్గర చదవడమే సమస్య.

మా ఊళ్లో పంటలయ్యాక సగం ఊరు వలస పోతుంది. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కొందరు బెంగళూరు వైపు. కొందరు పిల్లల్ని కూడా తీసుకుపోతారు, కొందరు అవ్వతాతల దగ్గర వదిలిపెట్టి పోతారు. బడి మెసేజ్ పెడితే ఫోన్ మిరప తోటలో ఉంటుంది, పిల్లోడు ఇక్కడ ఉంటాడు. ఆ తల్లికి చదువు రాదు. పక్కన పని చేసే పిల్లగాడికి ఫోన్ ఇచ్చి "ఏం రాసినారో చూడప్పా" అని అడగాల. వాడు ఉన్నప్పుడు చూస్తుంది, లేకుంటే లేదు.

రెండేళ్ల కిందట రాయడం మానేసి మాట పంపడం మొదలుపెట్టాను. వాయిస్ మెసేజ్. మొదట్లో సర్క్యులర్ భాషలోనే మాట్లాడేదాన్ని, అలవాటు కదా. "తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని. ఎవరూ తిరిగి ఒక్క మాట పంపలేదు. తర్వాత మా ఊరి మాటలోనే, ఎదురుగా కూర్చున్నట్టు చెప్పాను. "అమ్మా, నేను బడి టీచరమ్మను. మీ పిల్లోడు ఈ వారం నాలుగు దినాలు వచ్చినాడు. కూడికలు బాగా చేస్తున్నాడు. తీసివేతలు ఇంకా రావాల. రాత్రి ఫోన్ చేసినప్పుడు బడికి పోయినావా అని ఒకసారి అడుగు." అంతే, అర నిమిషం కూడా లేదు. ఆ రాత్రే జవాబు వచ్చింది. వెనక కుక్కలు మొరుగుతుంటే, గుడారంలో ఎవరో దగ్గుతుంటే ఆ తల్లి గొంతు. "సరే మేడమ్, అడుగుతా. వాడు అన్నం తింటున్నాడా?" అని. అవ్వని అడిగి, పిల్లోడిని అడిగి, మళ్లీ పంపాను.

వాయిస్ మెసేజ్‌లో ఇంకో మేలు ఉంది. విన్నారా లేదా అన్నది మైకు గుర్తు నీలంగా మారితే తెలిసిపోతుంది. రెండు దినాలైనా మారలేదంటే ఆ నంబరు పనిచేయడం లేదనుకుని వాళ్ల ఇంటికి పోతాను. చాలాసార్లు రీచార్జి అయిపోయి ఉంటుంది, లేకుంటే సిమ్ మార్చేసి ఉంటారు.

ఒక మెసేజ్‌లో ఒక్క విషయమే చెప్పండి. మూడు విషయాలు కలిపితే ఒకటీ నిలవదు.

జగిత్యాల నాన్న, దుబాయ్:

పడమటి టీచరమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివిన. నేను పదకొండేళ్ల నుంచి గల్ఫ్‌లో ఉన్న. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు, మామూలు కాల్ అంటే ఖర్చు. కానీ వాయిస్ మెసేజ్ మంచిగ వస్తది. డ్యూటీ అయి క్యాంపుకు వచ్చినంక మా బిడ్డ టీచర్ పంపిన మెసేజ్‌లు వింట. మా బిడ్డ ఎనిమిదో తరగతి. పోయిన నెల టీచర్ ఆమెతోనే ఒక పద్యం చదివించి నాకు పంపించిండు. మా గదిలో ఎనిమిది మంది ఉంటం. అందరం విన్నం. వాళ్లందరికీ ఇంటి దగ్గర పిల్లలు ఉన్నరు.

బడులకు నా మనవి ఒక్కటే. ఇంటికి ఒక్క నంబరే అని పెట్టకండి. ఇంట్ల ఉన్న తల్లిది ఒకటి, దూరం ఉన్న తండ్రిది ఒకటి, రెండూ రాసుకోండి. దూరం ఉన్నోళ్లకు సెలవుల మెసేజ్ అక్కర్లేదు. బిడ్డ ఎట్లుందో చెప్తే చాలు.

కూకట్‌పల్లి పేరెంట్:

మా సమస్య దీనికి పూర్తిగా ఎదురు. ప్రైవేటు స్కూల్. మెసేజ్‌లు తక్కువ కాదు, మరీ ఎక్కువ. యాప్ ఒకటి, వాట్సాప్ గ్రూపులు మూడు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఒకటి, పైగా ఎస్ఎంఎస్‌లు. హోంవర్క్ రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ఫొటోగా వస్తుంది. "రేపు ఆకుపచ్చ చార్టు, థర్మోకోల్ పంపండి" అని రాత్రి పదింటికి వస్తే ఏ షాపు తెరిచి ఉంటుంది? మా ఆవిడకి ఫోన్ మోగితే టెన్షన్.

ఇంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. నిరుడు ఫీజు కట్టనివాళ్ల పేర్ల జాబితా తరగతి గ్రూపులో పెట్టారు. పొరపాటున అన్నారు. మర్నాడు క్లాసులో పిల్లలు మా వాడిని అడిగారట, "మీ డాడీ దగ్గర డబ్బుల్లేవా" అని. ఆ నెల నా జీతం ఆలస్యమైంది, అంతే సంగతి. కట్టేశాం. కానీ వాడు వారం రోజులు స్కూల్ బస్సు ఎక్కడానికి ఏడ్చాడు. డబ్బు సంగతి, మార్కుల సంగతి గ్రూపులోకి రాకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ. ఇది రూలుగా రాసి గోడకి అంటించండి.

సోషల్ మేడమ్, విజయనగరం:

మార్కుల విషయంలో కూకట్‌పల్లి సోదరుడి మాటతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. మా బడిలో ఎస్ఏ1 పరీక్షల మార్కుల పట్టిక మొత్తం ఫొటో తీసి పెట్టేవాళ్లం. పోటీ పెరుగుతుందని అనుకున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చివరి వరసలో ఉంది. వాళ్ల మేనమామ కూడా అదే గ్రూపులో ఉన్నాడు. పట్టిక చూసి "దీనికి చదువెందుకు, సంబంధం చూద్దాం" అన్నాడట. ఆ ఇంటికి నేనూ హెడ్మాస్టరు గారూ మూడుసార్లు వెళ్లాం. అమ్మాయి ఇప్పుడు పది చదువుతోంది. మేం పెట్టిన ఒక్క ఫొటో వల్ల ఎంత పని జరగబోయిందో చూడండి.

కానీ టీచర్ల వైపు కూడా ఒక మాట వినండి. నా సొంత నంబరు నూట యాభై ఇళ్లలో ఉంది. రాత్రి పదకొండుకి "మేడమ్, మా వాడి చొక్కా బడిలో మర్చిపోయాడు" అని ఫోన్. ఒకాయన తాగి చేస్తాడు. ఆదివారం కూడా ఆగదు. మాకూ పిల్లలున్నారు. వాట్సాప్‌లో జవాబు ఇవ్వకపోతే "చూసి కూడా పలకలేదు" అని సర్పంచి దగ్గర ఫిర్యాదు. పగలేమో హాజరు, భోజనాల లెక్క, అన్నీ ఫోన్‌లోనే పైకి పంపాలి. ఫోన్ పట్టుకున్న టీచరు పాఠం చెప్పడం లేదని ఊళ్లో అంటారు.

మేం చివరికి బడి పేరు మీద ఒక సిమ్ తీసుకున్నాం. పాత ఫోన్ ఒకటి దాత ఇచ్చారు. అందులో వాట్సాప్ బిజినెస్ యాప్ వేశాం, అది ఉచితమే. సాయంత్రం అయిదు దాటాక ఎవరు రాసినా "బడి సమయం అయిపోయింది, రేపు ఉదయం జవాబిస్తాం. అత్యవసరమైతే ఫలానా నంబరుకి ఫోన్ చేయండి" అని దానంతట అదే వెళ్తుంది. ఫోన్ ఆఫీసు గదిలోనే ఉంటుంది, ఇంటికి ఎవరూ తీసుకెళ్లరు. ఉదయం ప్రార్థనకి ముందు పావుగంట, మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట వంతులవారీగా ఒకరం చూస్తాం. గుంటూరు అమ్మ గారు అడిగిన "వినడం" అక్కడ జరుగుతుంది.

ఇద్దరమ్మాయిల అమ్మ, గుంటూరు:

మేడమ్, ఇది బాగుంది. రేపు ఉదయం జవాబు వస్తుందని తెలిస్తే మేమూ రాత్రి విసిగించం. జవాబు వస్తుందో రాదో తెలియకే మళ్లీ మళ్లీ చేస్తాం.

వరంగల్ వకీలు:

ఫేస్‌బుక్ పేజీ సంగతి హెడ్మాస్టరు గారు అడిగారు, ఎవరూ ముట్టుకోలేదు. అందులో పెట్టే ఫొటోల గురించి చెబుతాను.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్ల లోపు వాళ్లందరూ దాని దృష్టిలో పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి ఉండాలంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా ఉంటుంది, విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. కానీ మినహాయింపు చదువు, భద్రత కోసం. బడి ప్రచారం కోసం పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టడం అందులోకి వస్తుందనుకోవద్దు. చట్టం వరకు ఎందుకు, అడిగి పెట్టడం మర్యాద.

జూన్‌లో అడ్మిషన్ ఫారంతో పాటే ఒక కాగితం ఇవ్వండి. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. తల్లిదండ్రుల గ్రూపులో ఫొటో పెట్టవచ్చా, బయటివాళ్లు చూసే పేజీలో పెట్టవచ్చా, పేరుతో సహా పెట్టవచ్చా. మూడింటికీ కలిపి ఒకే సంతకం తీసుకుంటే అది అనుమతి కాదు. వద్దన్నవాళ్ల పిల్లలు గ్రూపు ఫొటోలో ఉండకుండా చూడటం క్లాస్ టీచర్ పని. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లుంటాయి, బిడ్డ ఏ బడిలో చదువుతోందో ఒకరికి తెలియకూడని పరిస్థితులుంటాయి. యూనిఫాం, బడి బోర్డు, ముఖం మూడూ ఒకే ఫొటోలో ఉంటే చిరునామా ఇచ్చేసినట్టే.

ఇంకొకటి చాలా ముఖ్యం. బడిలో ఏదైనా చెడు జరిగితే, బిడ్డ మీద అఘాయిత్యం జరిగితే, గ్రూపుల్లో ఆ బిడ్డ పేరు, ఫొటో, వీధి పేరు తిరగడం నేను కళ్లారా చూశాను. అందరూ సానుభూతితోనే పెడతారు. పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ బాధిత బిడ్డ గుర్తింపు బయటపెట్టడాన్ని నేరంగా చెబుతాయి. బడి, కుటుంబం వివరాలు కూడా గుర్తింపు కిందికే వస్తాయి. అలాంటిది కనపడితే అడ్మిన్ వెంటనే అందరికీ పోయేలా తొలగించాలి. ఇతరులు పెట్టినవి కూడా అడ్మిన్ తొలగించవచ్చు.

ఎస్ఎంసీ చైర్మన్:

వకీలు గారు చెప్పింది కాదనను. కానీ మా ఊరి సంగతి వేరు. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ చైర్మన్ని. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు మేమే, తల్లిదండ్రులమే. కమిటీ మొత్తంలో సగం ఆడవాళ్లు. మేం కూర్చుని మాట్లాడుకుని చెప్తున్న మాట ఇది.

మా పక్కనే ప్రైవేటు స్కూల్ ఉంది. వాళ్ల పేజీలో రోజూ ఫొటోలు. మా బడిలో పిల్లలు మండల స్థాయిలో కబడ్డీ గెలిచారు, సైన్స్ ఫెయిర్‌లో బహుమతి తెచ్చారు, ఒక్కరికీ తెలియదు. బడిబాటలో ఇంటింటికీ తిరిగితే "గవర్నమెంటు బడిలో ఏముంది" అన్నారు. ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టి కప్పు పట్టుకున్న పిల్లల ఫొటో పెట్టాం. తర్వాత జూన్‌లో ప్రైవేటు నుంచి పదకొండు మంది తిరిగి వచ్చారు. కూలి పని చేసుకునే తండ్రి ఆ ఫొటోని ఫోన్‌లో పెట్టుకుని టీ కొట్టు దగ్గర అందరికీ చూపించాడు. తన కొడుకు ముఖం ఎప్పుడైనా ఎవరైనా అలా పెట్టారా? ముఖాలే కనపడకుండా చేస్తే ఆ సంతోషం ఎక్కడిది?

వరంగల్ వకీలు:

చైర్మన్ గారూ, ఆ తండ్రి సంతోషం విలువ తెలుసు. ఆయన్ని అడిగి పెట్టండి, అంతే నేను చెప్పేది. అడిగితే ఆయన వద్దనడు. పక్కన నిలబడిన ఆడపిల్ల తల్లి వద్దనవచ్చు. ఆమెకి ఆ అవకాశం ఉండాలి.

ఎస్ఎంసీ చైర్మన్:

అడగడానికి అభ్యంతరం లేదు. కానీ ఒక్క ఇల్లు వద్దంటే జట్టు మొత్తం ఫొటో ఆపేయమంటే ఒప్పుకోను. దీని మీద మా కమిటీలో మళ్లీ మాట్లాడతాం.

పడమటి టీచరు, కర్నూలు:

మేం బయటి పేజీలో ముఖాలు పెట్టడం లేదు. మట్టితో చేసిన ఎద్దుల బండి, దాని చుట్టూ పిల్లల చేతులు. నోటు పుస్తకంలో మొదటిసారి తప్పు లేకుండా రాసిన పేజీ. బడి తోటలో కాసిన వంకాయలు. తల్లి తన బిడ్డ చేతిని గుర్తుపడుతుంది. బయటివాళ్లకు తెలియదు. ముఖం ఉన్న ఫొటోని ఆ తల్లికే విడిగా పంపుతాను.

గద్వాల పంతులు:

పుకార్ల గురించి ఒక మాట. 2018లో మా జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. ఊళ్లల్లో రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. బడికి పిల్లల్ని పంపడానికి భయపడ్డారు. రాష్ట్రంలో వేరే చోట్ల అమాయకుల ప్రాణాలే పోయాయి. అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊరూరా పంపించి, డప్పుతో, పాటతో అది అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన అబద్ధాన్ని ఆపడానికి ఊరికి మనిషి రావలసి వచ్చింది.

ఆ రోజుల్లో మా బడి గ్రూపులోకి కూడా ఆ వీడియో వచ్చింది. పెట్టింది చెడ్డవాడు కాదు, భయపడ్డ తండ్రి. అప్పటి నుంచి మేం పాటిస్తున్నది ఏమంటే, బడి ఎప్పుడూ ఫార్వర్డ్ చేయదు. కలెక్టర్ ఉత్తర్వు అయినా సరే, చదివి, మా మాటల్లో రాసి, తేదీ వేసి, కింద హెచ్ఎం పేరు పెడతాం. మెసేజ్ మీద ఫార్వర్డ్ అన్న గుర్తు ఉంటే అది బడిది కాదని తల్లిదండ్రులకు చెప్పి ఉంచాం. హెచ్ఎం గారూ, మీ తుపాను రాత్రి ఈ ఒక్క అలవాటు ఉన్నా పాత ఉత్తర్వును ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

లింకులు కూడా అంతే. తల్లికి వందనం (ఆంధ్ర ప్రభుత్వ పథకం) డబ్బులు పడాలంటే ఇది నొక్కండి అని ఏదో ఫైలు వస్తుంది. నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ. బడి ఏ లింకూ పంపదు అని ఒక మాట మీద ఉండటం మంచిది. ఎవరైనా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఆ నంబరు గ్రూపు పేరు కింద వివరణలో రాసి పెట్టండి. ఆంధ్ర వాళ్లకి ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 95523 00009 కూడా. 2025లో పదో తరగతి హాల్ టికెట్లు అందులో కూడా నేరుగా వచ్చాయి కదా.

పదో తరగతి విద్యార్థి:

నేను విద్యార్థిని, రాయవచ్చో లేదో తెలియదు. మా ఇంట్లో ఒకటే ఫోన్, నాన్నది. ఆన్‌లైన్ క్లాసుల నుంచి అది నా దగ్గరే ఉంటుంది. బడి నుంచి వచ్చే మెసేజ్‌లు మొదట నేనే చూస్తాను. ఎఫ్ఏ1లో లెక్కల్లో తప్పాను. సర్ నాన్నకి పంపిన మెసేజ్ నేను తీసేశాను. నాన్నకి ఇప్పటికీ తెలియదు. నా స్నేహితులు చాలామంది ఇలాగే చేస్తారు. మెసేజ్ చూశారంటే అమ్మానాన్న చూశారని అనుకోకండి. చూసింది మేమే అయి ఉండవచ్చు.

సోషల్ మేడమ్, విజయనగరం:

బాబూ, నిజం చెప్పావు. మేం నీలం టిక్కులు లెక్కపెట్టి సంతోషపడుతున్నాం. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నాన్నకి నువ్వే చెప్పు. సర్ చెప్పడం కంటే నువ్వు చెబితే ఆయనకి కోపం తక్కువ వస్తుంది. లెక్కల్లో ఏది రావడం లేదో రాయి, ఇక్కడ లెక్కల మాస్టారు ఉన్నారు.

లెక్కల మాస్టారు:

రాయి బాబూ. ఆదివారం సాయంత్రం నేను ఖాళీగానే ఉంటాను.

గోదావరి హెచ్ఎం:

అందరికీ చేతులెత్తి దండం. మూడు రోజులుగా ఇవన్నీ స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తున్నాను. చేసింది, చేయబోతున్నది చెబుతాను.

ముందు నంబర్ల పని పెట్టుకున్నాం. ప్రతి క్లాస్ టీచరూ హాజరు పట్టీ పట్టుకుని పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఈ నంబరు ఎవరిది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లో ఎవరు చదువుతారు, దూరంగా ఎవరున్నారు. ఆరో తరగతిలోనే 58 నంబర్లలో 17 తప్పు. కొన్ని పనిచేయవు, కొన్ని చుట్టాలవి. ఒక నంబరైతే రెండేళ్ల కిందట చనిపోయిన తండ్రిది. ఆయన పేరుతోనే మేం ఇన్నాళ్లూ మెసేజ్‌లు పంపుతున్నాం. ఆ ఇంటికి నేనే వెళ్లాను.

స్మార్ట్ ఫోన్ లేని ఇళ్లు ప్రతి వీధిలోనూ కొన్ని తేలాయి. వాళ్ల కోసం వీధికో తల్లిని అడిగాం. సెలవు లాంటి కబురు వస్తే ఆమెకి మేం ఫోన్ చేస్తాం, ఆమె ఆ ఇళ్లకి వెళ్లి చెబుతుంది. ఎరువుల బస్తా కప్పుకొచ్చిన పాప ఇంటి పక్కన కిరాణా కొట్టు ఆవిడ ఉన్నారు. అడగ్గానే ఒప్పుకున్నారు. "ముందే అడిగితే ఆ రోజు నేనే ఆపేదాన్ని కదండీ" అన్నారు.

పాత గ్రూపులు సోమవారం మూసేస్తున్నాం. ఒక్క ప్రకటనల గ్రూపు, అడ్మిన్లు ఇద్దరం. బడి సిమ్ తీసుకున్నాం. రీచార్జి కమిటీ చూసుకుంటుంది. సాయంత్రం నాలుగున్నరకి, అవసరమైన రోజు మాత్రమే, ఒక్క విషయం. రాత తెలుగులో రెండు లైన్లు, దాని కిందే నా గొంతుతో అదే మాట. మార్కులు గ్రూపులో ఉండవు, ప్రోగ్రెస్ కార్డు తల్లిదండ్రుల సమావేశంలో చేతికే ఇస్తాం. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్స్ మీట్‌కి వచ్చినవాళ్లు పిల్లల పక్కన కూర్చుని కార్డు చూసుకున్న తీరు నాకు గుర్తుంది. అది ఫోన్‌లో జరగదు. పదో తరగతి బాబు రాసింది చదివాక ఆ నిర్ణయం ఇంకా గట్టిపడింది.

ఫేస్‌బుక్ పేజీ ఇప్పుడే పెట్టడం లేదు. ఫొటోల మీద మా స్టాఫ్‌లోనే రెండు మాటలున్నాయి. జూన్‌లో అనుమతి కాగితాలు వచ్చాక చూస్తాం.

మొదటి మెసేజ్ ఇలా రాశాం. తప్పులుంటే దిద్దండి.

"నమస్కారం. నేను బడి హెడ్మాస్టర్ని. ఇక నుంచి బడి కబుర్లు ఈ నంబరు నుంచే వస్తాయి. దీన్ని 'బడి' అని సేవ్ చేసుకోండి. మీరు ఏమైనా చెప్పాలంటే ఈ నంబరుకే విడిగా రాయండి, లేదా మాట్లాడి పంపండి. మర్నాడు మధ్యాహ్నంలోపు జవాబిస్తాం."

పడమటి టీచరు, కర్నూలు:

బాగుంది సర్. ఒక్కటే మార్పు. "నేను బడి హెడ్మాస్టర్ని" తర్వాత ఏ ఊరి బడో కూడా చెప్పండి. ఇద్దరు పిల్లలు రెండు బడుల్లో ఉన్న ఇళ్లుంటాయి. ఇంకా, నెమ్మదిగా మాట్లాడండి. మిరప తోటలో గాలి ఎక్కువ.

ఇద్దరమ్మాయిల అమ్మ, గుంటూరు:

సర్, మీ బడి వాళ్లు అదృష్టవంతులు. నేను ఈ చర్చ ప్రింటు తీయించి మా చిన్నమ్మాయి బడికి రేపు తీసుకెళ్తున్నాను.

గోదావరి హెచ్ఎం:

ఊరి పేరు చేర్చాం మేడమ్. మూడుసార్లు రికార్డు చేశాను, మూడోది పంపాను. మొదటి జవాబు ఎనిమిదో తరగతి అబ్బాయి నాయనమ్మ నుంచి వచ్చింది, మాటలోనే. "సార్, వినపడింది" అన్నారు.